వచ్చి పోయే ఇంజిన్ లైటు: డీజిల్ కారు ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్లో ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న తప్పుల కోడ్లు చదివే పరికరం, ఉన్నది నా ఒక్కడి దగ్గరే. నేను మెకానిక్‌ని కాను. నా సొంత డీజిల్ బండి లైటుతో మూడు నెలలు తిప్పలు పడి, ఆ కసితో కొన్న స్కానర్ అది. అప్పటి నుంచి ఆదివారం పొద్దున సెల్లార్లోకి దిగితే చాలు, "అన్నా, ఒక్క నిమిషం" అంటూ ఎవరో ఒకరు బానెట్ తెరుస్తారు. అడిగేవి తిప్పి తిప్పి అవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఏదో దాని దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## లైటు వెలిగిన రోజు

మీటర్‌లో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు (ఇంజిన్ లైటు) వస్తుంది, రెండు మూడు రోజులకు దానంతటదే పోతుంది. పోయిందంటే బాగైనట్టే కదా?

అలా అనుకోవడానికి లేదు. తప్పు కనబడిన మరుక్షణం ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ లైటు వెలిగించదు. చాలా ఫాల్టులకు వరుసగా రెండు ప్రయాణాల్లో, కొన్ని బండ్లలో మూడింటిలో, అదే తప్పు దొరికితేనే వెలిగిస్తుంది. ఆర్పడానికీ ఒక లెక్క ఉంది: వరుసగా మూడు ప్రయాణాల్లో ఆ తప్పు కనబడకపోతే ఆర్పేస్తుంది. కోడ్ మాత్రం మెమరీలోనే ఉంటుంది. ఇంజిన్ 40 సార్లు చల్లారి మళ్లీ వేడెక్కేదాకా చెరిగిపోదు. కాబట్టి లైటు ఆరిపోయిన వారం తర్వాత కూడా స్కాన్ చేయించి ఏం జరిగిందో తెలుసుకోవచ్చు. లైటు పోయింది కదా అని లైట్ తీసుకుంటేనే చిక్కు.

పసుపు లైటు వెలిగింది. ఆఫీసు దాకా వెళ్లొచ్చా, అక్కడే ఆపేయాలా?

పసుపు లైటు కదలకుండా వెలుగుతూ, బండి నడకలో ఏ తేడా లేకపోతే నెమ్మదిగా వెళ్లొచ్చు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి, ఆ వారంలోనే స్కాన్ చేయించండి. లైటు మిణుకు మిణుకుమంటున్నా, నల్ల పొగ గానీ తెల్ల పొగ గానీ కమ్ముకుంటున్నా, ఇంజిన్ అదురుతున్నా పక్కకు ఆపండి. ఎర్ర రంగులో ఆయిల్ డబ్బా గుర్తో, టెంపరేచర్ గుర్తో వస్తే మాత్రం ఆఫీసు సంగతి మర్చిపోయి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఆయిల్ ప్రెషర్ లేకుండా రెండు కిలోమీటర్లు నడిపినా ఇంజిన్ పూర్తిగా పాడైపోయే ప్రమాదం ఉంది.

కీ తిప్పగానే వెలుగుతుంది, స్టార్ట్ అయ్యాక పోతుంది. ఇదీ ఫాల్టేనా?

కాదు, అది బల్బు పరీక్ష. వెలగాలి కూడా. కీ ఆన్ చేసినప్పుడు వెలగకపోతేనే అనుమానించాలి.

స్ప్రింగు చుట్టలా ఉండే గుర్తు మెరుస్తోంది. అది ఇంజిన్ లైటు కాదు కదా?

అది గ్లో ప్లగ్ గుర్తు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు సిలిండర్‌ను వేడి చేసేవి గ్లో ప్లగ్‌లు. హైదరాబాద్ చలికి అది ఒకటి రెండు సెకన్లు వెలిగి పోతుంది, ఎండాకాలంలో వెలిగినట్టే తెలియదు. నడుస్తుండగా అదే గుర్తు మెరుస్తుంటే అర్థం వేరు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా డీజిల్ బండ్లలో ఇంజిన్ కంట్రోల్‌లో తప్పుందని అలా చెబుతారు. తమాషా ఏమిటంటే, ఆ బండ్లలో కొన్నిటికి బ్రేక్ పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ పాడైనా ఈ గుర్తే మెరుస్తుంది. అందుకని ముందు ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేక్ లైట్లు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో చూడమనండి.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒక్కసారిగా పికప్ పోయింది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోయింది. ఏమిటిది?

దాన్ని లింప్ మోడ్ అంటారు. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ప్రెషర్‌లోనో, డీజిల్ ప్రెషర్‌లోనో తేడా కనబడితే, ఇంజిన్ పాడవకుండా కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. చాలా బండ్లు అప్పుడు 3,000 ఆర్‌పీఎం దాటవు. ఆపి కీ తిప్పితే కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి చూసుకుంటుంది కాబట్టి మామూలుగా నడుస్తుంది, కారణం మాత్రం అక్కడే ఉంటుంది. 100లో వెళ్తుండగా ఇలా అయితే కంగారుపడి బ్రేక్ వేయకండి. హజార్డ్ లైట్లు వేసి, ఒక్కో లేను దాటుతూ ఎడమకు వచ్చి, లే బై (రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే చోటు) చూసుకుని ఆపండి.

## షెడ్డుకు వెళ్లే ముందు

మెకానిక్ దగ్గరికి వెళ్తే లైటు రాదు. "ఏం లేదు సార్, నడపండి" అంటాడు. నేనేం చేయాలి?

డాక్టర్ గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గినట్టు, వచ్చి పోయే లైటు షెడ్డులో ఎప్పుడూ రాదు. కాబట్టి అది ఎప్పుడు వచ్చిందో మీరే రాసిపెట్టుకోవాలి. ఫోన్‌లో ఒక నోట్ చాలు. తేదీ, టైము, ఎక్కడ, ఎంత స్పీడు, ఏ గేరు, ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కిందా, ఏసీ ఉందా, ఎంతమంది కూర్చున్నారు, వాన పడిందా, డీజిల్ ఎప్పుడు ఎక్కడ కొట్టించారు. వెలిగిన క్షణంలో పక్కనున్నవాళ్లతో మీటర్ ఫొటో తీయించండి. నడుపుతూ మీరు తీయొద్దు.

నా బండి సంగతే చెబుతాను. లైటు ఎప్పుడో వస్తుంది, ఎప్పుడో పోతుంది అనుకునేవాణ్ని. ఐదుసార్లు రాసుకున్నాక చూస్తే, నాలుగుసార్లు మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఎక్కేటప్పుడే వచ్చింది. మూడో గేరు, ఏసీ ఆన్, బండి నిండా మనుషులు. ఒక్కణ్నే వెళ్లిన రోజున ఒక్కసారి కూడా రాలేదు. అంతకుముందే ఒక సర్వీస్ సెంటర్‌లో గాలి కొలిచే సెన్సర్ మార్చేసి బిల్లు చేతిలో పెట్టారు. తొమ్మిదో రోజున లైటు మళ్లీ వచ్చింది. ఈ నోట్ చూపించాక వేరే షెడ్డులో ఒక పెద్దాయన స్కానర్ ముట్టుకోలేదు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపును గుడ్డతో తుడిచి, రెండు చేతులతో వంచాడు. క్లాంపు పక్కన గోరంత చీలిక నోరు తెరిచింది, చుట్టూ నూనె చెమ్మ. బరువు మీద టర్బో గట్టిగా ఊదినప్పుడే అది తెరుచుకుంటోంది, ఖాళీ బండికి మూసుకునే ఉంటోంది. మొత్తం పని ఇరవై నిమిషాలు పట్టింది.

స్కాన్ చేయించే ముందు నేనే చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు సరిగ్గా పడ్డాయా, ఫిల్టర్ మట్టితో మూసుకుపోయిందా చూడండి. మెట్రో పనులో ఫ్లైఓవర్ పనులో జరిగే రోడ్ల మీద రోజూ తిరిగే బండికి ఫిల్టర్ సర్వీస్ టైము కంటే ముందే నిండిపోతుంది. రబ్బరు పైపులకు కొత్తగా నూనె తడి ఉందా, బ్యాటరీ టెర్మినళ్లు కదులుతున్నాయా, ఆయిల్ స్టిక్ మీద లెవెల్ ఎంతుంది అన్నవీ చూసుకోవచ్చు. ఇంకో మాట. "డీజిల్ మూత బిగిస్తే లైటు పోతుంది" అని వీడియోల్లో చెబుతుంటారు. అది పెట్రోలు బండ్ల సంగతి. పెట్రోలు ఆవిరి బయటికి పోతోందేమో చూసే ఏర్పాటు వాటికి ఉంటుంది, డీజిల్ బండికి ఉండదు.

బ్యాటరీ వీక్ అయితే కూడా ఇంజిన్ లైటు వస్తుందా?

వస్తుంది, అందులోనూ పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు. వోల్టేజీ బాగా పడిపోతే సెన్సర్లు తప్పుడు లెక్కలు పంపుతాయి, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి పడతాయి. రాత్రంతా ఆపి ఉంచిన బండికి దాదాపు 12.6 వోల్టులు ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా రావాలి. కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ తెలివిగా తగ్గించుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు కాస్త తక్కువ చూపినా టెన్షన్ పడొద్దు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీ చెక్ చేయించండి. బ్యాటరీ షాపుల్లో రెండు నిమిషాల్లో చూసి చెబుతారు.

## స్కానర్, కోడ్లు

బ్లూటూత్ స్కానర్ కొనడం దండగా?

నా లెక్కలో దండగ కాదు. ఈఎల్ఎం327 రకం స్కానర్ ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే కోడ్ కనిపిస్తుంది. దీనికీ హద్దులున్నాయి. చవక రకం అన్ని బండ్లతోనూ సరిగ్గా మాట్లాడదు. కంపెనీ సొంత కోడ్లు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లాంటివి దానికి చాలావరకు అందవు. పని కాగానే తీసేయండి. మా కింది ఫ్లోరాయన గుచ్చి వదిలేసి ఊరెళ్లాడు. పది రోజులకు తిరిగొచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయింది.

పీ0401 వచ్చింది. ఈజీఆర్ వాల్వ్ మార్చేయాలా?

ఆగండి. కోడ్ చెప్పేది లక్షణం, పార్టు పేరు కాదు. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వే ఈజీఆర్. పీ0401 అంటే దాని ద్వారా వెనక్కి రావాల్సిన పొగ తక్కువగా వస్తోందని. ఆ సంగతి కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? చాలా బండ్లలో పొగను నేరుగా కొలిచే సెన్సరే ఉండదు. ఈజీఆర్ తెరిచినప్పుడు బయటి నుంచి వచ్చే గాలి తగ్గాలి, ఎంత తగ్గిందో చూసి లెక్క కడుతుంది. గాలి కొలిచే మాఫ్ సెన్సర్‌కు దుమ్ము పట్టి తప్పు చెబితే, ఈజీఆర్ నిక్షేపంలా ఉన్నా ఇదే కోడ్ పడొచ్చు. వాల్వ్‌కు వెళ్లే వైరు వదులైనా, వ్యాక్యూమ్ పైపు పగిలినా, మసి అంటుకుని వాల్వ్ ఒకసారి ఇరుక్కుని ఇంకోసారి కదులుతున్నా అంతే. కోడ్ పేరు చూసి పార్టు మార్చడం రోగమొకటి మందొకటి లాంటిది. వరుస ఇలా పెట్టుకోండి: ముందు వైర్లు, పైపులు. తర్వాత మాఫ్ సెన్సర్‌ను దాని కోసమే అమ్మే స్ప్రేతో కడగడం, వేలు తగలనివ్వకుండా. ఆ తర్వాత వాల్వ్ విప్పి మసి తీయించడం. కొత్త వాల్వ్ అన్నిటికంటే చివర.

మిగతా కోడ్లలో ఎక్కువగా కనిపించేవి ఏవి?

నేను చూసిన డీజిల్ బండ్లలో పీ0299 అంటే టర్బో గాలి ప్రెషర్ చాలడం లేదని: చీలిన పైపు, వ్యాక్యూమ్ లీకు, టర్బోను సర్దే యాక్చువేటర్ ఇరుక్కుందా అన్నవి చూసుకున్నాకే టర్బో మీద అనుమానం. పీ0087 అంటే రైల్లో డీజిల్ ప్రెషర్ పడిపోయిందని. నాలుగు ఇంజెక్టర్లకూ డీజిల్ పంచే పైపును రైలు అంటారు. ముందు డీజిల్ ఫిల్టరే చూడాలి. పీ0335 అంటే ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే క్రాంక్ సెన్సర్. పీ2463 అంటే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి పేరుకుందని. పీ0670 దగ్గర మొదలయ్యేవి గ్లో ప్లగ్ వైపువి.

యాప్‌లో "పెండింగ్" అని ఉంది, లైటు మాత్రం రాలేదు. పట్టించుకోవాలా?

ఒకసారి కనబడింది, ఇంకోసారి కనబడితే లైటు వేస్తాను అని కంప్యూటర్ చెబుతోందన్నమాట. వచ్చి పోయే ఫాల్టు పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే ఏమిటి?

కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ తీసుకున్న ఫొటో అనుకోండి. స్పీడు, ఆర్‌పీఎం, లోడు, కూలెంట్ వేడి అందులో ఉంటాయి. నా బండిలో స్పీడు 34, ఆర్‌పీఎం 1,900, లోడు 90 శాతం పైన, కూలెంట్ 88 డిగ్రీలు. తక్కువ స్పీడు, ఎక్కువ లోడు అంటే ఎత్తు ఎక్కుతోందని చూడగానే తెలిసిపోతుంది. అదే కూలెంట్ 30 డిగ్రీలు చూపిస్తే పొద్దున స్టార్టింగ్‌లో వచ్చిందని అర్థం. మెకానిక్‌కు కోడ్ నంబర్ కంటే ఈ నాలుగు అంకెలే ఎక్కువ పనికొస్తాయి.

కోడ్ చెరిపేసి చూద్దామా? బ్యాటరీ వైరు తీసి పెట్టినా పోతుందట?

చాలా బండ్లలో రెండింటితోనూ లైటు పోతుంది, దాంతోపాటు ఆధారమూ పోతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ చెరిగిపోతుంది, కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీసుకున్నాకే చెరపండి. షెడ్డులో కూడా ముందే చెప్పండి. చాలామంది చేయి పడగానే క్లియర్ బటన్ నొక్కేస్తారు.

## ఎందుకు వచ్చి పోతోంది

వాన పడితేనే లైటు వస్తోంది. ఎండకు పోతోంది. ఎందుకు?

తడి కప్లర్లోకి పోతోంది. వైర్లు కలిసే ప్లాస్టిక్ కప్లర్‌లో చిన్న రబ్బరు సీల్ ఉంటుంది. అది ఎండిపోయినా, ఎవరో విప్పి సరిగ్గా నొక్కకపోయినా నీళ్లు చేరి పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. టోలిచౌకి లాంటి చోట్ల మోకాలి లోతు నీళ్లలోంచి బండి తోలిన వారానికో రెండు వారాలకో లైటు మొదలైందంటే నేను ముందు కిందివైపు కప్లర్లే చూడమంటాను. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో కప్లర్‌నూ, వైరు కట్టనూ మెల్లగా కదిపి చూస్తాడు. ఏది కదిపితే ఐడిలింగ్ తడబడుతుందో అక్కడే రోగం. చిలుము తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు అక్కడితో సరి. ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడిగించడం వల్ల కూడా ఇదే జరుగుతుంది. మెరుపు కోసం ఇంజిన్ కడిగించొద్దని మా అపార్ట్‌మెంట్లో ఎంతమందికి చెప్పానో.

రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు ఆరు కిలోమీటర్లే. డీపీఎఫ్ లైటు, ఇంజిన్ లైటు కలిసి వస్తున్నాయి. బండిదే తప్పా?

బండి కంటే వాడకానిదే ఎక్కువ. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు డీపీఎఫ్ తప్పనిసరి అయినంత పని అయింది. అది పొగలోని మసిని పట్టి ఉంచి, నిండాక దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చేస్తుంది. అంత వేడి రావాలంటే బండి ఆగకుండా కాసేపు నడవాలి. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఫస్టు, సెకండు గేర్లలో పాకే బండికి ఆ అవకాశమే రాదు. కాల్చడం మొదలై మధ్యలో మీరు ఆపేస్తే సగంలో ఆగిపోతుంది. ఐడిలింగ్ కాస్త పెరగడం, ఆపాక కూడా ఫ్యాన్ తిరగడం, కాలిన వేడి వాసన, మైలేజీ మీటర్ ఒక్కసారిగా పడిపోవడం దాని గుర్తులు.

డీపీఎఫ్ లైటు ఒక్కటే ఉంటే, వారాంతంలో గచ్చిబౌలి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి రండి. ఎడమ లేన్లలో 70, 80 స్పీడులో, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా ఇరవై నిమిషాలు నడిపితే చాలావరకు ఆరిపోతుంది. ఇంజిన్ లైటు కూడా కలిసి ఉంటే, లేదా పికప్ తగ్గిపోయి ఉంటే, రోడ్డు మీద ప్రయత్నించకుండా షెడ్డులో స్కానర్‌తో కాల్పించండి. ఆయిల్ స్టిక్ కూడా చూడండి. మధ్యలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ ఇంజనాయిల్‌లో కలుస్తుంది. లెవెల్ గరిష్ఠ గీత దాటి పెరిగిందంటే ఆయిల్ మార్చే దాకా దూరాలు తిప్పొద్దు. ఆయిల్ కూడా డీపీఎఫ్ బండికి చెప్పిన గ్రేడే పోయించాలి. మామూలు ఆయిల్ వల్ల పేరుకునే బూడిద ఎంత వేడికీ కాలదు.

బండి వేడెక్కాక ఆగిపోతుంది, అరగంటకు మళ్లీ స్టార్ట్ అవుతుంది.

క్రాంక్ సెన్సర్ ముందు చూడమనండి. వేడికి లోపలి తీగ తెగి, చల్లారాక అతుక్కోవడం దానికి మామూలే. దీన్ని నాన్చకండి, ఫ్లైఓవర్ మధ్యలో ఆగితే వెనకొచ్చేవాళ్లకూ ప్రమాదం.

డీజిల్‌లో నీళ్లు కలిశాయేమో అని అనుమానం. ఎలా తెలుస్తుంది?

చాలా బండ్లలో దానికి వేరే లైటు ఉంటుంది, ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ కూడా ఉంటుంది. పారదర్శక సీసాలోకి కొంచెం వదిలి పది నిమిషాలు ఉంచితే నీళ్లు అడుక్కి చేరి గీత కనబడుతుంది. కామన్ రైలు పంపులో ప్రెషర్ 1,600 బార్ దాకా పోతుంది, ఆ పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే గ్రీజు. నీళ్లు కనబడితే బండి నడపకుండా ట్యాంకు దింపించడమే చవక.

ఎలుకలు వైర్లు కొరికితే లైటు వచ్చి పోతుందా?

పూర్తిగా తెగితే లైటు వచ్చి ఉండిపోతుంది. సగం కొరికి రెండు పోగులు మిగిలితే, గతుకులో ఒకసారి అంటుకుంటూ ఒకసారి విడిపోతూ మనల్ని ఏడిపిస్తుంది. బానెట్ కింద నల్లటి గింజల్లాంటి పెంటికలు, కొబ్బరి పీచు, చపాతీ ముక్క కనబడితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

## మెకానిక్ దగ్గర

సర్వీస్ సెంటర్‌లో సెన్సర్ మార్చాలని పెద్ద ఎస్టిమేట్ ఇచ్చారు. నమ్మొచ్చా?

నమ్మే ముందు మూడు సంగతులు అడగండి. ఏ కోడ్ పడింది, ప్రింటు ఇస్తారా? ఆ సెన్సర్‌కు వెళ్లే వైరు, కప్లర్, కరెంటు చూశారా? మార్చాక కూడా లైటు వస్తే ఏం చేస్తారు? జవాబు సూటిగా వస్తే చేయించుకోండి. "స్కానర్‌లో అలాగే వచ్చింది సార్" అన్నది ఒక్కటే జవాబైతే ఇంకోచోట చూపించండి. తీసిన పాత పార్టు అడిగి తెచ్చుకోండి.

షోరూమా, బయటి షెడ్డా, రాణిగంజ్ పార్టుల బజారా?

వారంటీ ఉంటే ఇంకో ఆలోచన లేదు, షోరూమే. వారంటీ అయిపోయాక వైరింగ్ రోగానికి అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్, పంపు, ఇంజెక్టర్ రోగానికి టెస్ట్ బెంచి ఉన్న డీజిల్ వర్క్‌షాప్. పార్టు మనమే తెచ్చుకోవాలంటే రాణిగంజ్ వెళ్తాం, కానీ పాత పార్టు చేతిలో పట్టుకుని, దాని మీది నంబర్ సరిపోల్చుకుని కొనండి. ఇంజెక్టర్ మార్చితే చాలా బండ్లలో దాని మీదున్న కోడ్ కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆ పని చేయగలరో లేదో ముందే అడగండి.

ఈజీఆర్ మూసేసి, డీపీఎఫ్ తీసేసి, లైటు రాకుండా సాఫ్ట్‌వేర్ మారుస్తామన్నారు. చేయించుకోనా?

వద్దు. కంపెనీ ఇచ్చిన ఏర్పాటును ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం, వారంటీ కూడా పోతుంది. పైగా రేపు నిజంగా ఏదైనా పాడైనా మీటర్ నోరు విప్పదు.

## పని అయ్యాక

లైటు ఆర్పేసి ఇచ్చారు. నిజంగా బాగైందని ఎలా తెలుసుకోవాలి?

ఏ పరిస్థితిలో వచ్చేదో అదే పరిస్థితిలోకి బండిని తీసుకెళ్లండి. వానకు వచ్చేదైతే వాన పడేదాకా బాగైందని అనుకోకండి. నేను పైపు మార్చిన సాయంత్రమే ఇంట్లో వాళ్లందర్నీ ఎక్కించి, ఏసీ వేసి, అదే ర్యాంపు మూడుసార్లు ఎక్కాను. మా అమ్మ "ఇదేం షికారురా" అంది. తర్వాత వారం రోజులకు ఒకసారి స్కానర్ పెట్టి పెండింగ్ కోడ్ కూడా లేదని చూసుకున్నాను.

పొల్యూషన్ సర్టిఫికెట్ పాసైంది. అంటే ఇంజిన్ బాగున్నట్టేనా?

డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది పొగ ఎంత చిక్కగా ఉందని మాత్రమే. వదులు కప్లర్ సంగతి దానికి తెలియదు.

సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు చూస్తున్నాను. లైటు లేదు. కోడ్ చెరిపేసి చూపిస్తున్నారేమో ఎలా పట్టుకోవాలి?

మొదట కీ ఆన్ చేసి ఇంజిన్ లైటు వెలుగుతుందో లేదో చూడండి. వెలగకపోతే ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు. తర్వాత స్కానర్ పెట్టి, యాప్‌లో రెడీనెస్ అనే పేజీ తెరవండి. అక్కడ పరీక్షలు చాలావరకు "పూర్తి కాలేదు" అని ఉంటే, కోడ్లు ఈమధ్యే చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా బండ్లలో కనబడుతుంది. 60 వేలు తిరిగిన బండిలో ఆ అంకె 11 అని ఉంటే, బేరం మొదలుపెట్టే ముందు ఆ ఫోన్ స్క్రీన్ అమ్మేవాళ్ల వైపు తిప్పి, వాళ్లేం చెబుతారో వినండి.